కడాయి దించాలంటే కాయిదాలు కదలాలి

పసుపు ఉడికించే ఆవిరి బాయిలర్‌కు రాయితీ: ముందు మంజూరు, తర్వాతే కొనుగోలు

మాఘమాసంలో తెల్లవారుజామున ఆర్మూరు నుంచి బాల్కొండ వైపు బయల్దేరితే ఏ ఊళ్లో పసుపు పనులు మొదలయ్యాయో ఎవర్నీ అడగనక్కర్లేదు. ముక్కే చెబుతుంది. చెరువు గట్టు దాటగానే పచ్చి పసుపు ఉడికే వాసన, దాంతో పాటు కళ్లు మండించే పొగ. కళ్లంలో మూడు రాళ్ల మీద పెద్ద కడాయి, కింద కట్టెలు, ఎండిన పసుపు ఆకు, చుట్టూ నలుగురైదుగురు కూలీలు. మన తాతల నాటి నుంచీ ఇదే తీరు.

అలాంటి ఓ కళ్లంలోనే ఈ కథనానికి మూలమైన మహిళా రైతు కనిపించింది. వయసు యాభై దాటింది. మూడెకరాల్లో పసుపు వేస్తుంది. ఎడమ కాలు మడమ నుంచి పిక్క దాకా చర్మం ముడతలు పడి ఉంది. "మూడేండ్ల కింద కడాయిల నుంచి పసుపు తోడుతుంటే గంప జారింది సారూ. మరిగే నీళ్లు కాలు మీదనే పడ్డయి. నెల రోజులు మంచం దిగలే. గా యేడు మిగిలిన పసుపు సగం ఉడికీ ఉడకకనే కళ్లంల పోసిన్రు. మార్కెట్ల ఎవ్వడూ మంచి ధర పెట్టలే" అని చెప్పుకొచ్చింది. పేరు రాస్తామంటే వద్దంది. "మా కాయిదం ఇంకా ఆఫీసుల ఉన్నది. పేరొస్తే ఎవరికేం కోపమొస్తదో" అన్నది ఆమె భయం.

ఆమె చెప్పే కాయిదం ఆవిరి బాయిలర్ రాయితీది. యంత్రం కళ్లానికి వచ్చేసింది. పొగ తగ్గింది, కట్టె తగ్గింది. ప్రభుత్వం ఇస్తానన్న సొమ్ము మాత్రం ఇంకా ఖాతాలో పడలేదు. ఈ మధ్యలో ఆమె కుటుంబం నేర్చుకున్న పాఠాలు పసుపు వేసే ప్రతి ఇంటికీ పనికొచ్చేవే.

అసలు ఉడికించడం ఎందుకు?

ఉడకబెట్టకుండా ఎండబెడితే ఏమవుతుందని కుర్రాళ్లు అడుగుతుంటారు. పచ్చి కొమ్ముకు మొలకెత్తే గుణం ఉంటుంది, పచ్చి వాసన ఉంటుంది. ఉడికితే ఆ రెండూ పోతాయి. లోపలి పిండి పదార్థం మెత్తబడి రంగు కొమ్మంతా సమంగా పరుచుకుంటుంది. ఎండే సమయమూ తగ్గుతుంది. తవ్విన రెండు మూడు రోజుల్లోపే ఉడికించాలని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆలస్యమైతే కొమ్ము వడలి నాణ్యత పడిపోతుంది.

కడాయి పద్ధతిలో కొమ్ములు మునిగేలా నీళ్లు పోసి ముప్పావు గంట నుంచి గంట దాకా ఉడికిస్తారు. నురగ పైకి వచ్చి, తెల్లటి ఆవిరితో పసుపు వాసన గుప్పున కొడితే అయినట్టు లెక్క. మొద్దు పుల్లతో గుచ్చితే సులువుగా దిగాలి, వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా ఉండాలి. ఇక్కడే చిక్కంతా. కడాయి అడుగున ఉన్నది అతిగా ఉడుకుతుంది, పైన ఉన్నది పచ్చిగానే ఉంటుంది. అతిగా ఉడికితే రంగు చెడుతుంది. తక్కువ ఉడికితే ఎండాక కొమ్ము పెళుసుబారి పాలిష్ డ్రమ్ములో విరిగిపోతుంది. నిజామాబాద్ మార్కెట్‌లో కాడికి ఒక ధర, గోళకు ఒక ధర, విరిగిన చూరకు ఇంకో ధర. కాడిగా అమ్ముడుపోవాల్సిన సరుకు చూరలో కలిస్తే నష్టం ఎంతో రైతుకు వేరే చెప్పాలా! అయిదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండితే చేతికొచ్చేది ఒక క్వింటా అటూ ఇటూ. అందులో విరిగిపోయే ప్రతి కిలో వెనకా అయిదు కిలోల పచ్చి సరుకు ఉంటుంది.

కొందరు ఇప్పటికీ నీళ్లలో పేడ కలిపి ఉడికిస్తున్నారు. రంగొస్తుందని నమ్మకం. ఆ నమ్మకం వదిలేయాలి. తినే సరుకులో పేడ నీళ్లేమిటని కొనేవాడు అడిగితే మన దగ్గర జవాబు లేదు.

కట్టెలన్నీ ఎటు పోతున్నాయి?

ఒక చిన్న లెక్క చూద్దాం. కడాయిలో 500 లీటర్ల నీళ్లు పోశామనుకోండి. 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 37,500 కిలో క్యాలరీల వేడి కావాలి. ఎండు కట్టె కిలోకు 3,500 నుంచి 4,000 కిలో క్యాలరీల వేడి ఇస్తుంది. మంట మొత్తం కడాయికే తగిలితే పది కిలోల కట్టె చాలు. కానీ మూడు రాళ్ల పొయ్యి మీద కడాయికి తగిలే వేడి నూటికి పది పదిహేను పాళ్లే. మిగతాది గాలికి, నేలకు, మన కళ్లకు. అందుకే పదికి బదులు డెబ్బై కిలోల నుంచి వంద కిలోల దాకా కాలుతుంది. అదీ నీళ్లు మరిగే వరకే.

ఆవిరి బాయిలర్‌లో కథ వేరు. మూసిన పొయ్యి మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది. దాన్నుంచి గొట్టాల ద్వారా పక్కనున్న రెండు లేక నాలుగు డ్రమ్ముల్లోకి ఆవిరి వెళ్తుంది. కొమ్ములు నీళ్లలో మునగవు, ఆవిరి తగిలి ఉడుకుతాయి. ఒక కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు 540 కిలో క్యాలరీల వేడి వదులుతుంది. అందువల్ల ఎక్కువ నీళ్లు కాచే పని లేదు. ఆవిరి బాగా ఎక్కాక పావుగంట అటూ ఇటూగా డ్రమ్ము ఉడుకుతుంది. ఒకటి ఉడుకుతుంటే ఇంకోటి దించుకోవచ్చు, మరోటి నింపుకోవచ్చు. డ్రమ్మును ఇరుసు మీద వంచితే పసుపు నేరుగా కళ్లంలో పడుతుంది. మరిగే నీళ్లలోంచి గంపతో తోడే పని తప్పుతుంది. ఆ మహిళా రైతుకు అన్నిటికంటే నచ్చింది ఇదే. "గంప ముట్టుడు బందైంది సారూ, గది చాలు" అన్నది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. బాయిలర్ వస్తే అన్నీ బాగుపడతాయని కాదు. కాడి, గోళ వేరు చేయకుండా ఒకే డ్రమ్ములో పోస్తే ఇక్కడా గోళ పచ్చిగానే మిగులుతుంది. ఉడికాక అయిదు నుంచి ఏడు సెంటీమీటర్ల మందాన పరిచి, పది పదిహేను రోజులు ఎండనిచ్చి, రాత్రిళ్లు కుప్ప చేసి కప్పే ఓపిక ఎప్పటిలాగే ఉండాలి.

మరిది చేసిన పొరపాటు

ఈ ఇంట్లో బాయిలర్ మొదట కొన్నది ఆమె మరిది. వదినె కాలు కాలిన ఏడాదే పట్టుదలగా పట్నం వెళ్లాడు. దుకాణం వాడు "ముందు బండి తీస్కపో పటేలా, సబ్సిడీ నేను ఇప్పిస్త" అన్నాడు. మూడు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేశాడు. సీజన్ అయ్యాక ఆఫీసుకు పోతే బిల్లు మీద తేదీ చూసి కాగితం వెనక్కి ఇచ్చారు. మంజూరు ఉత్తర్వుకు ముందు కొన్న యంత్రానికి రాయితీ వర్తించదన్నారు. దుకాణం వాడు ఫోను ఎత్తడం మానేశాడు. రెండు రూపాయల వడ్డీ అంటే మూడు లక్షలకు నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. వస్తుందనుకున్న రాయితీ రాలేదు, వడ్డీ మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఆయన ఆ బాయిలర్‌ను చుట్టుపక్కల ఊళ్లలో కిరాయికి తిప్పుతున్నాడు. అప్పు తీరడానికి ఇంకో రెండు సీజన్లు పడుతుందంటాడు.

ఇది ఆయనొక్కడి కథ కాదు. వ్యవసాయ యంత్రాల రాయితీల్లో చాలామంది పడే గుంత ఇదే. వరుస ఎప్పుడూ ఒకటే: దరఖాస్తు, పరిశీలన, మంజూరు పత్రం, ఆ తర్వాత కొనుగోలు, బిల్లు, యంత్రం పక్కన రైతు నిలబడ్డ ఫొటోతో తనిఖీ, చివర్లో ఖాతాలోకి సొమ్ము. ఇందులో ఒక్క మెట్టు ముందువెనకలైనా తిరిగి మొదటికే. "అంతా నేను చూసుకుంటా" అనే అమ్మకందారు మాట కాగితం మీద రానంత వరకు అది మాట కిందే లెక్క.

ఎవరి దగ్గర అడగాలి?

పసుపుకు సంబంధించినంత వరకు తలుపులు ఒకటి కాదు, నాలుగు ఉన్నాయి. ఏది తెరుచుకుంటుందో మీ కమతాన్ని బట్టి, మీ సంఘాన్ని బట్టి ఉంటుంది.

మొదటిది సుగంధ ద్రవ్యాల బోర్డు. పసుపు ఉడికించే బాయిలర్లకు, పాలిష్ యంత్రాలకు ఈ బోర్డు ఏళ్లుగా రాయితీ ఇస్తూ వచ్చింది. ఇక జాతీయ పసుపు బోర్డు సంగతి మన జిల్లాకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. 2023 అక్టోబరులో బోర్డు ప్రకటన వచ్చింది, 2025 జనవరి 14న సంక్రాంతి రోజు బోర్డు మొదలైంది, అదే ఏడాది జూన్‌లో నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. అంత కొట్లాడి తెచ్చుకున్న ఆఫీసు గడప తొక్కి బాయిలర్ల సంగతి అడగడం మన హక్కు. అడిగేవాళ్లు ఎక్కువైతేనే పద్దులో సొమ్ము పెరుగుతుంది.

రెండోది వ్యవసాయ యాంత్రీకరణ పథకం. కేంద్రం 2014-15లో మొదలుపెట్టింది. చిన్న, సన్నకారు రైతులు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు చాలా యంత్రాల మీద ధరలో సగం, మిగతావారికి నూటికి 40 అన్నది దీని సాధారణ లెక్క. అయితే ప్రతి యంత్రానికీ ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. 'సగం' అంటే బిల్లులో సగం అనుకుని లెక్కలు వేసుకోవద్దు. బిల్లు నాలుగు లక్షలైనా పరిమితి లక్షన్నర ఉంటే వచ్చేది లక్షన్నరే. ఆ ఏడాది జిల్లా జాబితాలో పసుపు బాయిలర్ ఉందో లేదో, ఉంటే ఏ కంపెనీలవి ఆమోదించారో ముందే అడిగి తెలుసుకోవాలి.

మూడోది సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకం. 2020లో వచ్చింది. ఇది బ్యాంకు రుణంతో ముడిపడినది. ప్రాజెక్టు ఖర్చులో నూటికి 35 పాళ్లు, గరిష్ఠంగా పది లక్షల దాకా రాయితీ. కనీసం నూటికి పది మన చేతి నుంచి పెట్టాలి. ఉత్తి బాయిలర్ కోసం కాకుండా ఉడికించడం, పాలిష్, పొడి పట్టడం, ప్యాకింగ్ కలిపి చిన్న యూనిట్ పెట్టాలనుకునే యువకులకు, మహిళా సంఘాలకు ఇది సరిపోతుంది.

నాలుగోది రాయితీ కాదు, వడ్డీ తగ్గింపు. 2020లోనే పెట్టిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద రెండు కోట్ల వరకు రుణానికి ఏడేళ్ల దాకా నూటికి మూడు చొప్పున వడ్డీలో తగ్గింపు ఉంటుంది. ఉత్పత్తిదారుల సంఘాలు షెడ్డు, కళ్లం, ఎండబెట్టే వేదికలు, యంత్రాలు కలిపి కట్టుకోవాలంటే ఈ దారి.

ఈ పథకాల్లో చాలావాటికి 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా గడువు పెట్టారు. కొత్త సంవత్సరంలో పేరు మారొచ్చు, రేటు మారొచ్చు. నిరుటి కరపత్రం చేతిలో పట్టుకుని ఈయేడు ఆఫీసుకు పోయి తగవు పడితే లాభం లేదు. ఉద్యాన అధికారి దగ్గర ఆ ఏడాది మార్గదర్శకాల ప్రతి అడిగి చదువుకోండి, చదవలేకపోతే చదివించుకోండి.

పాసుపుస్తకం ఎవరి పేరు మీద?

మళ్లీ ఆ మహిళా రైతు దగ్గరికి వద్దాం. మరిది దెబ్బ తిన్నాక ఆమె ముందుగా దరఖాస్తు పెడదామనుకుంది. అక్కడ ఇంకో అడ్డం వచ్చింది. భూమి ఇంకా చనిపోయిన భర్త పేరు మీదే ఉంది. పదకొండేళ్లుగా సాగు చేస్తున్నది ఆమే, శిస్తు, కరెంటు, ఎరువు అన్నీ ఆమె చేతి మీదే. కాగితం మీద మాత్రం ఆమె రైతు కాదు. విరాసత్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడానికే ఒక వానాకాలం గడిచింది. మన పల్లెల్లో ఇలాంటి భూములు ఎన్నో. రాయితీ సంగతి తర్వాత, ముందు పాసుపుస్తకం తీసి పేరు చూసుకోండి. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది. వారసత్వ మార్పిడి పెండింగ్ ఉన్నవాళ్లు పసుపు తవ్వకం దాకా ఆగకుండా ఎండాకాలంలోనే ఆ పని ముగించుకోవడం మేలు.

కౌలు రైతుల పరిస్థితి మరీ ఇబ్బంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదారుల చట్టం వచ్చింది, రుణ అర్హత కార్డులన్నారు. ఇప్పుడు మన పల్లెల్లో ఆ కార్డు పట్టుకుని ఆఫీసుకు వచ్చే కౌలుదారు కనిపించడం అరుదు. కాలు కాలేది కౌలుదారుది, రాయితీకి అర్హుడు పట్నంలో ఉన్న పట్టాదారు. ఇది సరైన పద్ధతి కాదు. అధికారులూ ఆ మాట కాదనరు, కానీ నిబంధన మారందే ఏం చేయలేమంటారు. అంతవరకు కౌలు రైతుకు మిగిలిన దారి సంఘంలో సభ్యుడిగా చేరడం.

తొమ్మిది ఇండ్లు, ఒక్క బాయిలర్

ఆమె కూడా చివరకు ఆ దారే పట్టింది. తొమ్మిది ఇండ్ల వాళ్లు కలిసి సంఘంగా దరఖాస్తు పెట్టారు. ఆషాఢంలో పెడితే కార్తీకంలో మంజూరు పత్రం వచ్చింది. సంక్రాంతికి ముందు బాయిలర్ దిగింది. ధర నాలుగున్నర లక్షలు. ఇంటికి 20 వేల చొప్పున లక్షా 80 వేలు పోగు చేశారు. మిగతా రెండు లక్షల 70 వేలు బ్యాంకు ఇచ్చింది. వడ్డీ ఏడాదికి నూటికి 12. అంటే నెలకు 2,700. తొమ్మిది ఇండ్లకు పంచితే ఇంటికి 300. ఇదే సొమ్ము బయట రెండు రూపాయలకు తెస్తే నెలకు 5,400 అయ్యేది. రాయితీ ఎప్పుడైనా వెనకే వస్తుంది, ముందు పూర్తి ధర కట్టాల్సింది మనమే. ఆ మధ్య కాలపు వడ్డీని లెక్కలో వేసుకోని వాడికి రాయితీ వచ్చినా మిగిలేది స్వల్పమే.

కలిసి కొన్నాక కలిసి వాడుకోవడం ఇంకో పరీక్ష. పసుపు తవ్వకం అందరిదీ ఒకేసారి. నాకు ముందంటే నాకు ముందని మొదటి వారమే మాటా మాటా పెరిగింది. చివరకు తవ్విన తేదీ వరుసలో వంతులు రాసుకున్నారు. రాత్రి వంతు వచ్చిన వాళ్లకు మర్నాడు వంతులో వెసులుబాటు. నీళ్లు, కట్టె ఎవరివి వాళ్లవే. రబ్బరు వాయిసర్లు, వాల్వుల మరమ్మతుకు డ్రమ్ముకు ఇంతని డబ్బాలో వేయాలి. డబ్బా తాళం ఆమె దగ్గరే. "మగోళ్ల దగ్గరుంటే పైసలుంటయా సారూ" అని నవ్వింది. పక్కనే ఉన్న మరిదీ నవ్వాడు, కాదనలేదు.

ట్యాంకు ఎండితే ప్రాణం మీదికి

యంత్రం ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే చూడొద్దు. నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. దారి మూసుకుపోతే ఆ ట్యాంకు బాంబే. సేఫ్టీ వాల్వు, ప్రెషర్ మీటరు, నీటి మట్టం చూపే గాజు గొట్టం, ఈ మూడూ లేని బాయిలర్‌ను రాయితీ ఇస్తామన్నా తీసుకోవద్దు. పాత డ్రమ్ములకు అతుకులేసి ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించినవి కొన్ని తిరుగుతున్నాయి. చవకే, కానీ వాటి పక్కన నిలబడేది మన ఇంటి ఆడబిడ్డలు. 2025లో వచ్చిన కొత్త బాయిలర్ల చట్టం ప్రకారం చదరపు సెంటీమీటరుకు కిలో కంటే తక్కువ పీడనంతో పనిచేసేవి ఆ చట్టం లెక్కలోకి రావు. అంతకు మించిన పీడనమైతే రిజిస్ట్రేషన్, తనిఖీ ఉండాలి. మీరు కొనేది ఏ రకమో అమ్మకందారుతో రాయించుకోండి.

ట్యాంకులో నీళ్లు అయిపోయి రేకు ఎర్రబడితే కంగారులో చన్నీళ్లు పోయకూడదు. మంట లాగేసి చల్లారనివ్వాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి లోపల పొర కడుతుంది. రోజూ పని అయ్యాక, చల్లారాక, అడుగు వాల్వు తిప్పి నీళ్లు వదిలేయాలి. సేఫ్టీ వాల్వు బుస్సుమంటుంటే ఆవిరి వృథా అవుతోందని దాని మీద రాయి పెట్టేవాళ్లను ఈ విలేకరి కళ్లారా చూశాడు. అంతకు మించిన తెలివితక్కువ పని లేదు.

దరఖాస్తుకు వెళ్లేటప్పుడు పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, దానితో కలిపిన బ్యాంకు ఖాతా పుస్తకం, ఫొటో, అర్హత ఉంటే కుల ధ్రువీకరణ పత్రం, సంఘమైతే రిజిస్ట్రేషన్, తీర్మానం ప్రతి, ఆమోదిత కంపెనీ కొటేషన్ దగ్గర ఉంచుకోండి. అదే యంత్రం రాయితీ లేకుండా ఎంతకు అమ్ముతున్నారో ఇంకో ఇద్దరు అమ్మకందారుల దగ్గర కనుక్కోండి. రాయితీ ధర పేరుతో పాతిక వేలు, యాభై వేలు పెంచి రాసేవాళ్లూ ఉన్నారు. ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీతో రసీదు అడగాలి. ఆఫీసులో సారు మారినా రసీదు మారదు.

మేం బయల్దేరుతుంటే ఆమె బొడ్లోంచి ప్లాస్టిక్ సంచీ తీసి మడతలు విప్పింది. తనిఖీ అయినట్టు సంతకం, ముద్ర, తేదీ ఉన్న రసీదు అది. "మొన్న పోతే పై ఆఫీసుకు పంపినమన్నరు. సోమారం మల్ల పోత" అంది. అటు నాలుగో డ్రమ్ములోంచి ఆవిరి లేవడం చూసి, పాలేరును కేకేసుకుంటూ కళ్లంలోకి నడిచింది.